ఒంటిసీటు కయాక్

"ఒకటే సీటు," అన్నాడు తర్మిజీ, ఫోను తెచ్చి భార్య రుబియా కళ్ల ముందు పెట్టి. "పెడళ్లున్నవన్నీ ఇంతేనట. చూడు, ఎంత ముద్దుగా ఉందో."

రుబియా చేతులు మోచేతుల దాకా చేపముద్దలో ఉన్నాయి. పొద్దున వచ్చిన కవ్వళ్లకి ముళ్లు తీసి, రుబ్బి, సగ్గుపిండి కలిపి బల్ల మీద పిసుకుతోంది. ఈ ముద్దని జానెడున్నర కడ్డీలుగా చుట్టి మరిగే నీళ్లలో వేసి తీస్తే కెరోపోక్. మూడు గంటలకల్లా పెనారిక్ రోడ్డు మీద ఆమె కొట్టు ముందు బళ్లు ఆగడం మొదలవుతుంది. ఫోను చూసే తీరిక లేదు. అయినా చూసింది. పచ్చరంగు కయాక్, నడిమధ్య కుర్చీలాంటి సీటు, దాని ముందు సైకిలుకున్నట్టు రెండు పెడళ్లు, వెనక గాలంకర్రలు దోపుకునే గొట్టాలు. ఇంకో మనిషి ఒదిగి కూర్చునే చోటైనా ఎక్కడా లేదు.

"బాగుంది," అంది, మళ్లీ ముద్దలోకి చేతులు దించి.

పదకొండేళ్లుగా శుక్రవారం పొద్దున వాళ్లిద్దరూ రెండు సీట్ల కయాక్‌లో, సముద్రాన్ని ఆనుకున్న ఉప్పుకయ్యలోకి చేపలకి వెళ్తున్నారు. ముందు సీటు రుబియాది, వెనక సీటు తర్మిజీది. వారంలో మిగతా ఆరు రోజులూ అతను బడిపిల్లల వ్యాను తోలుతాడు, ఆమె చేపలు పిసుకుతుంది. శుక్రవారం పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నపు నమాజు దాకా మాత్రం మడచెట్ల మధ్య ఇద్దరే ఉంటారు. నీటి మీద చిన్న మెరుపు కదిలితే చాలు, కింద ఉన్నది పండుగప్పో బొచ్చుపరిగో ఆమె చెప్పేస్తుంది. "ఎడమకి" అంటే అతను ఎడమకి తిప్పుతాడు. ఆమె గాలం విసురుతుంది. చేప పడితే, బరువని అతను పైకి లాగి చేతుల్లో పట్టుకుంటాడు. ఫొటోలో అతనే పడతాడు. శుక్రవారాలు కయ్యలో కయాక్‌లు దించే జట్టులో వాళ్లంతా "తర్మిజీ అన్న చేప" అంటారు. ఆ మాట రుబియా ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. అతను ఒక్కసారీ సరిదిద్దలేదు, ఆమె సరిదిద్దమనీ అడగలేదు.

పెడలు మోజు ఎక్కడ పుట్టిందో ఆమెకి తెలుసు. కిందటి శుక్రవారం పోటు దిగుతుంటే ఎదురునీటిలో ఇద్దరూ ఆయాసపడుతూ తెడ్డు వేస్తున్నారు. పక్కనుంచి తన పెడళ్ల కయాక్‌లో ఎజ్లిన్ వెళ్లింది. పక్క ఊళ్లో మందుల షాపు నడుపుతుంది. నలభై నిండలేదు, పెళ్లి చేసుకోలేదు, శుక్రవారం జట్టులో చేరి ఇంకా రెండు నెలలే. వీపు ఆనించుకుని, కాళ్లతో తీరిగ్గా తొక్కుతూ, రెండు చేతులా గాలంకర్ర పట్టుకుని, ఎదురునీరన్నది లేనట్టే వెళ్లిపోయింది. పోతూ పోతూ ఇద్దరికీ సలాం చెప్పింది. తర్మిజీ తెడ్డు గాలిలోనే ఆగిపోయింది.

"చేతులు రెండూ ఖాళీ, చూశావా బియా? తొక్కుతూనే చేప పడుతోంది," అన్నాడు వెనకనుంచి.

ఆ గొంతులో ఉన్న మెచ్చుకోలు రుబియా వీపుకి తగిలింది. పదకొండేళ్లలో ఆమె విసిరిన ఏ గాలానికీ అతను ఆ గొంతు వాడలేదు. అతను తెడ్డు ఆపడంతో కయాక్ పక్కకి తిరిగి, ఇద్దరూ కలిసి సంపాదించిన దూరమంతా వెనక్కి కొట్టుకుపోయింది.

ఇప్పుడు ఫోను జేబులో పెట్టుకుంటూ, ఏది కొనాలో ఆమెనే తేల్చమన్నాడు. ఆ వీడియోలు చూస్తుంటే తనకి నిద్ర ముంచుకొస్తుందనీ, నీళ్ల సంగతి ఆమెకి తెలిసినంత తనకి తెలియదనీ, శనివారం పట్నంలో హెంగ్ కొట్టుకి వెళ్దామనీ చెప్పాడు. రుబియా సరేనంది. ఆ సరే ఎందుకందో అప్పటికి ఆమెకే తెలియదు.

మొదట వంకలు వెతకడానికే చూసింది. కెరోపోక్ ఉడికి పైకి తేలడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ స్టూలు మీద కూర్చుని, పొయ్యి పక్కన పిండిడబ్బాకి ఫోను ఆనించి చూసేది. ఎవరెవరో తెల్లవాళ్లూ థాయివాళ్లూ కయాక్‌లు తిరగేసి అడుగుభాగాలు చూపించేవారు. బరువెక్కువ, తలకిందులవుతుంది, ఒక్కడు మొయ్యలేడు అని చెప్పి మాన్పించాలని ఆమె ఆలోచన. మంగళవారానికి ఆ ఆలోచన పక్కకి పోయింది. చూడటమే బాగుంది. బుధవారం చెక్కపేడుతో నీళ్లు కలుపుతూ, బల్ల కింద కాళ్లు వాటంతట అవే ముందుకీ వెనక్కీ ఆడుతుంటే గమనించి ఆపేసుకుంది.

రకాలు రెండని తేలింది. ఒక రకానికి అడుగున పంకా ఉంటుంది. సైకిలు తొక్కినట్టు గుండ్రంగా తొక్కాలి. వెనక్కి తొక్కితే పడవ వెనక్కి వెళ్తుంది. చూడటానికి హుందాగా ఉంటుంది. రెండో రకానికి అడుగున పెంగ్విన్ రెక్కల్లాంటివి రెండుంటాయి. మెట్లెక్కినట్టు ఒక కాలు తరవాత ఒకటి ముందుకి నెట్టాలి. లోతు తగ్గినచోట రెక్కలు పడవ పొట్టకి అతుక్కుని గడ్డి మీదనుంచి జారిపోతాయి. వెనక్కి మాత్రం వెళ్లదు. పెనారిక్ కయ్యలో సగానికి సగం నీటిగడ్డి. పంకా తిరిగితే ఆ గడ్డి జడలా చుట్టుకుపోవడం ఖాయం. ఇక తర్మిజీ ఎడమ మోకాలు. ఇరవయ్యారేళ్లు దూరపు బస్సుల క్లచ్చి తొక్కి ఆ మోకాలు అరిగిపోయింది. రంజాను నుంచి అతను కుర్చీలో కూర్చునే నమాజు చేస్తున్నాడు. నేల చల్లగా ఉందంటాడు. గుండ్రంగా తొక్కితే మోకాలు పొట్టదాకా ముడుచుకోవాలి. రెక్కలదైతే కాలు చాచి నెడితే చాలు. ఏ వైపునుంచి చూసినా రెక్కలదే సరైనది. బుధవారం సాయంత్రానికి రుబియాకి ఇందులో అనుమానం లేదు.

గురువారం బద్లీ కెరోపోక్ కోసం వచ్చాడు. తర్మిజీతో పాటు బస్సులు తోలినవాడు, జట్టులో అందరికన్నా నోరున్నవాడు. వేడి కడ్డీలు కాగితంలో చుట్టించుకుంటూ నవ్వాడు.

"ఇంక మీకు శుక్రవారాలు సెలవు వదినా. అన్నకి కొత్త జోడీ దొరికింది. ఎజ్లిన్‌దీ పచ్చదే, అన్న చూసిందీ పచ్చదే. కయ్యలో ఇద్దరూ చిలకల్లా తిరుగుతారు."

"తిరగనీ," అంది రుబియా. "చిలకలకి చేపలు పడవులే."

బద్లీ పగలబడి నవ్వి వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ బల్ల దగ్గరికొచ్చి కడ్డీలు చుట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ కొలిచినట్టు ఒకే లావున వచ్చేవి, ఆ పూట ఒక చివర లావు, ఒక చివర సన్నం. చెరిపి మళ్లీ చుట్టింది. మళ్లీ అంతే. బద్లీ మాటలు వట్టి ఎకసెక్కాలని ఆమెకి తెలుసు. తర్మిజీ ఎలాంటివాడో కూడా తెలుసు. ఆమె కళ్లముందు కదిలింది ఎజ్లిన్ మొహం కూడా కాదు. మడచెట్ల మలుపు దగ్గర పొద్దుటి ఎండలో పక్కపక్కన ఆగిన రెండు పచ్చ కయాక్‌లు. "అదిగో, అక్కడ కదిలింది" అని ఇంకో గొంతు చెబుతోంది. "ఎక్కడ?" అని ఆమె మొగుడు అడుగుతున్నాడు. ఆ "ఎక్కడ" తనది. పదకొండేళ్లుగా తన ఒక్కదానిది.

మూడోసారి చుట్టిన కడ్డీ నీళ్లలోకి జార్చేసరికి ఆమెకి ఏం చెయ్యాలో తెలిసిపోయింది. పంకాది కొనిపిస్తుంది. గడ్డి చుట్టుకుంటుంది, మోకాలు పట్టేస్తుంది, నెల తిరక్కుండా దాన్ని షెడ్డులోకి తోసేస్తాడు. మళ్లీ రెండు సీట్లది నీళ్లలోకి దిగుతుంది.

*

హెంగ్ కొట్టు కువాలా తెరంగానులో నది ఒడ్డున ఉంది. గాలాలూ వలలూ అమ్మే పాత కొట్టు. వెనకనున్న గోదాములో ఇప్పుడు కయాక్‌లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. హెంగ్ అరవయ్యేళ్లవాడు. బనీను మీద తువ్వాలు వేసుకుని, ఏ కయాక్‌నీ పొగడకుండా అమ్మే మనిషి. ఎక్కడ తిప్పుతారు, ఏం పడతారు, బరువెంత అని మూడే ప్రశ్నలు వేసి, పెనారిక్ కయ్య అనగానే తిన్నగా రెక్కలదాని దగ్గరికి నడిచాడు.

రుబియా కదల్లేదు. పంకాదాని పక్కన నిలబడి దాని అంచు మీద చెయ్యి వేసింది.

"ఇది వెనక్కి కూడా వెళ్తుందిగా?" అంది. తెలిసే అడిగింది.

"వెళ్తుందక్కా. కానీ మీ కయ్యలో గడ్డి..."

"మేం తిరిగేది పాయ లోతులో. అక్కడ గడ్డి లేదు."

హెంగ్ ఆమె వంక చూశాడు. పాయ లోతులో పండుగప్ప ఉండదని, గడ్డి అంచునే ఉంటుందని చేపలు పట్టేవాళ్లకెవరికైనా తెలుసు. అతను తువ్వాలుతో మెడ తుడుచుకుని తర్మిజీ వైపు తిరిగి, రెండూ ఎక్కి చూసి తేల్చుకోండన్నాడు.

తర్మిజీ రెక్కలదాని దాకా వెళ్లనేలేదు. "మా బియా వారం రోజులు ఇదే చదువు చదివింది. ఆవిడ ఏదంటే అదే," అన్నాడు. అని భార్య వైపు చూశాడు. పరీక్ష రాసి, జవాబు సరిచూడమని కాగితం చాపిన పిల్లాడి చూపు అది.

"పంకాదే తీసుకోండి, అబాంగ్. సైకిలు తొక్కినట్టే. మీకు అలవాటేగా," అంది రుబియా, మొగుణ్ని ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే. ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందంటే ఆమెకే ఆశ్చర్యమేసింది.

అతను చెప్పులు విడిచి దానిలోకి ఎక్కి కూర్చున్నాడు. ఎడమ కాలు పెడలు మీద పెట్టేటప్పుడు తొడ కింద రెండు చేతులూ వేసి ఎత్తి పెట్టుకున్నాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. రుబియా చూసింది. అప్పుడైనా ఆగొచ్చు. "ఆ రెండోది కూడా చూద్దాం" అంటే సరిపోయేది. ఆమె వెళ్లి గోడకి వేలాడుతున్న లైఫ్ జాకెట్ల రంగులు చూసింది.

తిరుగు దారిలో వ్యాను మీద పచ్చ కయాక్ కట్టుకుని అతను పాట అందుకున్నాడు. దారిపక్క కొట్టు దగ్గర ఆపి, ఆమెకిష్టమని కొబ్బరన్నం, చేపకూర పొట్లం కట్టించి తెచ్చాడు. చేతిలో పొట్లం వేడిగా ఉంది. తినలేదు.

శుక్రవారం బయల్దేరేసరికే పొద్దున తొమ్మిదయింది, పోటు బాగా తీసేసింది. కయ్య మీద గడ్డి ఆకుపచ్చ చాపలా పైకి తేలి ఉంది. జట్టులో ఏడుగురూ కయాక్‌లు దించారు. తర్మిజీ ఎనిమిదోవాడు. బద్లీ సీటు బిగించి ఇచ్చాడు, ఇంకొకడు ఫొటో తీశాడు. రుబియా ఫ్లాస్కు పట్టుకుని చెక్కవంతెన చివర కూర్చుంది. రెండు సీట్లది ఒక్క మనిషి దించేది కాదు. అసలు ఆమె వచ్చింది చేపలకి కాదు, చూడటానికి.

చూడవలసింది గంట లోపే వచ్చింది. మిగతావాళ్లు మడచెట్ల వైపు వెళ్లిపోయారు. తర్మిజీ సగం దూరంలో గడ్డి అంచు దాటుతూ ఆగిపోయాడు. ముందుకి తొక్కాడు, వెనక్కి తొక్కాడు. వెనక్కి తొక్కినకొద్దీ గడ్డి ఇంకా బిగిసినట్టుంది. ముందుకి వంగి పంకా గొట్టాన్ని పైకి లాగబోయాడు. కయాక్ పక్కకి ఒరిగింది. రుబియా లేచి నిలబడింది. అతను అంచు పట్టుకుని నిలదొక్కుకుని, తరవాత ఎడమ మోకాలి మీద రెండు చేతులూ వేసుకుని అలాగే ఉండిపోయాడు. గాలి అతన్ని మెల్లిగా పాయలోకి, సముద్రంలో కలిసే మొగ వైపు నెడుతోంది.

రుబియా కేక వెయ్యబోయింది. అంతలో మడచెట్ల నుంచి ఒక పచ్చ కయాక్ విడివడి తిన్నగా అతని వైపు వచ్చింది. ఎజ్లిన్. గడ్డి మీదనుంచే వచ్చింది, దాని కింద ఏమీ లేనట్టు. అతని కయాక్ పక్కన ఆగి, వంగి, కత్తితో ఏదో కోసింది. అతనితో ఏదో అంది. అతను నవ్వాడు. అంత దూరానికి కూడా ఆ నవ్వు రుబియాకి కనిపించింది. తరవాత ఎజ్లిన్ తన కయాక్ తోకకి తాడు కట్టి, రెండో కొస అతని చేతికిచ్చి, లాక్కుంటూ ఒడ్డుకి బయల్దేరింది. ముందు ఒక పచ్చది, వెనక ఒక పచ్చది.

ఆ రెండూ దగ్గరవుతున్నంతసేపూ రుబియా వాటినే చూసింది. ఎవరిని తప్పించాలని ఇంత చేసిందో, వాళ్ల చేతికే మొగుణ్ని తాడు కట్టి అప్పజెప్పింది.

ఒడ్డుకొచ్చాక అతను లేవలేకపోయాడు. మోకాలు ముడిచిన చోటే బిగుసుకుపోయింది. ఒక చంక కింద ఎజ్లిన్, ఒక చంక కింద రుబియా చేతులు వేసి ఎత్తారు. ఇద్దరి వేళ్లూ అతని వీపు వెనక తగిలాయి. ఎజ్లిన్ చేతులు నీటికి నానిపోయి, గడ్డి కోసిన గీతలతో ఉన్నాయి. ఆమె అతన్ని వంతెన దుంగ మీద కూర్చోబెట్టి, పరాయి మనిషిని చూసినట్టే, మందుల షాపులోకి వచ్చినవాణ్ని చూసినట్టే మోకాలు వంచి చూసి, చేపలపెట్టెలోంచి మంచుముక్క తీసి చిన్న తువ్వాల్లో చుట్టి పెట్టింది.

"ఈ కయ్యకి పంకాది ఎవరు చెప్పారన్నా మీకు?" అంది. "చెప్పినవాళ్లు ఈ నీళ్ల మొహం చూసి ఉండరు."

రుబియా ఫ్లాస్కు మూత తిప్పుతోంది. ఆ చెయ్యి ఆగింది.

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు తర్మిజీ. "నేనే మోజుపడ్డాను. బియా వద్దని చెప్పింది కూడా. నేనే వినలేదు."

ఎజ్లిన్ రుబియా వంక చూసి, మగవాళ్లంతా ఇంతే కదక్కా అన్నట్టు నవ్వింది. రుబియా నవ్వలేకపోయింది. తను ఏదో పొరపడిందని తర్మిజీ అనుకున్నాడు. నలుగురిలో ఆమె చిన్నబోకూడదని తన మీద వేసుకున్నాడు. అంతకు మించి అతని బుర్రలో ఏమీ లేదని ఆమెకి తెలుసు. అనుమానించినా బాగుండేది.

నమాజుకి ఇంకా చాలా టైముందనీ, తన రెక్కలది ఎక్కి చూడమనీ ఎజ్లిన్ అతన్నడిగింది. అతను మోకాలు చూపించి తల అడ్డంగా ఊపాడు. భార్య వైపు తిరిగాడు.

"నువ్వెళ్లి చూసిరా బియా. ఎలా ఉందో నువ్వు చెబితే నాకు తెలిసిపోతుంది. బాగుంటే హెంగ్‌ని బతిమాలి మార్చుకుందాం."

*

సీటు ఎజ్లిన్ కాళ్ల పొడుగుకి ఉంది. రుబియా రెండు గళ్లు ముందుకి జరుపుకుంది. పాదాలు పెడళ్ల మీద ఆనించి కుడి కాలు నెట్టింది. నీళ్ల కింద ఏదో మెత్తగా తోక ఆడించినట్టయి పడవ కదిలింది. ఎడమ కాలు నెట్టింది. ఒడ్డు జరిగిపోయింది. పదిసార్లు నెట్టాక ఇక ఆ సంగతి ఆలోచించనక్కర్లేకపోయింది. చేతులే ఏం చేసుకోవాలో తెలియలేదు. తెడ్డు లేని చేతులు. ఒళ్లో పెట్టుకుంది, అంచుల మీద పెట్టింది, తలగుడ్డ సర్దుకుంది. చివరికి ఒక చెయ్యి చుక్కాని పిడి మీద వేసి, రెండో చేత్తో ఎజ్లిన్ గాలంకర్ర తీసుకుంది.

గడ్డి వచ్చింది. ఒక కాలు పూర్తిగా చాచి రెక్కలు పైకి అతికించి ఆగింది. పడవ దానంతటదే ఆ ఆకుపచ్చ మీదనుంచి గరగరమని జారిపోయింది. అతను చిక్కుకున్న చోటు అదే. తెగిన గడ్డి ఇంకా తేలుతోంది. ఆమె దాన్ని చూడకుండా దాటింది.

మడచెట్ల మలుపులో నీరు పోటు తిరిగి లోపలికి రావడం మొదలుపెట్టింది. రెండు సీట్లదానిలో అయితే ఇక్కడ నిలవడానికి అతను వెనక తెడ్డుతో అవస్థపడేవాడు. ఇప్పుడు ఆమె కాళ్లతో నీటి జోరుకి సరిపడా మెల్లిగా తొక్కుతూ ఎదురునీటిలో అలాగే నిలిచింది. ఎవరూ "ఎక్కడ?" అనలేదు. ఎవరికీ "ఎడమకి" అని చెప్పనక్కర్లేదు. మడచెట్ల వేళ్ల సందున రొయ్యపిల్లలు ఎగిరి పడ్డ చప్పుడు వినబడింది. ఆమె ఆ చప్పుడు వైపు చూసి, మణికట్టు తిప్పి విసిరింది.

రెండో విసురుకి పట్టింది. కర్ర వంగిపోయి రీలు కీచుమంది. చేప వేళ్లలోకి దూరబోయింది. మామూలుగా అయితే వెనక మనిషి పడవని బయటికి లాగాలి. వెనక్కి చూడబోయి ఆగిపోయింది. కాళ్లు బలంగా నెట్టింది. పడవా, చేపా, తనూ కలిసి పాయ మధ్యకి వచ్చేశాయి. కెరోపోక్ పిసికిన ముంజేతులు ఆ పండుగప్పని కాసేపు ఆడనిచ్చి, అలిసిపోయాక పక్కకి తెచ్చి, వల కిందనుంచి పెట్టి ఒక్క ఎత్తున పైకి తెచ్చాయి. నాలుగు కిలోలు దాటుతుంది. కాళ్ల మధ్య పడి తోక కొట్టుకుంటుంటే ఆమె మొహం మీదికి ఉప్పునీళ్లు చిందాయి. తుడుచుకోలేదు.

కాసేపట్లో వస్తానని చెప్పి వచ్చింది. మలుపు అవతల ఇంకో పాయ ఉంది. రెండు సీట్లదానిలో ఎప్పుడూ అంత దూరం పోలేదు. అటు తిప్పింది. అందులో ఏమీ పట్టలేదు. ఊరికే వెళ్లింది. కొంగలు లేచాయి. ఒక చోట ఆగి, గాలం కూడా కింద పెట్టి కూర్చుంది. ఎజ్లిన్ ప్రతి శుక్రవారం ఇది చేస్తోంది. ఒక్కతే వచ్చి, ఇలా కూర్చుని వెళ్తోంది. తనని ఇన్నాళ్లూ కాల్చింది మొగుడి పక్కన ఆమె ఉంటుందన్నది కాదేమోనని మొదటిసారి అనిపించింది. ఎజ్లిన్ పక్కన ఎవరూ లేరన్నదే.

తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి దగ్గరపడింది. జట్టులో సగంమంది వెళ్లిపోయారు. తర్మిజీ దుంగ మీదే ఉన్నాడు. మంచు కరిగి పంట్లాం తడిసిపోయింది. ఎజ్లిన్ పండుగప్పని చూసి ఈల వేసి, కయాక్ కడుక్కోవడానికి తీసుకెళ్లింది.

"గంటన్నర," అన్నాడు తర్మిజీ.

"అవునా?"

"ఆ మలుపు దాటి వెళ్లావు. ఇక్కణ్నుంచి కనపడలేదు." చేప వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "ఎలా ఉంది? నాకు పనికొస్తుందా?"

రుబియా దుంగ మీద అతని పక్కన కూర్చుంది. తలగుడ్డ చివర పిండుకుంది.

"పనికొస్తుంది. గడ్డి పట్టదు, మోకాలు ముడవక్కర్లేదు. మీకు అదే మంచిది. ఆ సంగతి హెంగ్ కొట్టుకి వెళ్లకముందే నాకు తెలుసు."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నుదురు మీద గీతలు ఒక్కొక్కటే లోతయ్యాయి.

"తెలిసి పంకాది చెప్పావా?"

"చెప్పాను. నాలుగు రోజుల్లో విసిగి మానేస్తారనుకున్నాను."

"గాలికి సముద్రంలోకి పోతే?"

మసీదు నుంచి మొదటి పిలుపు వినబడింది. అతను లేవబోయాడు. ఆమె చెయ్యి అందిస్తే తీసుకోలేదు. వంతెన రాటని పట్టుకుని తనే లేచాడు.

"ఎందుకు?" అన్నాడు, మొహం చూడకుండా.

"ఒకటే సీటు అన్నారు కదా," అంది.

అతను ఒక కాలు ఈడ్చుకుంటూ వ్యాను దాకా నడిచాడు. ఆ మధ్యాహ్నం ఆమె పండుగప్పని పులుసు పెడితే తిన్నాడు. సాయంత్రం కొట్టులో మర్నాటికని ఆమె కడ్డీలు చుడుతుంటే వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆ చేతుల్నే చూశాడు. మధ్యాహ్నం హెంగ్‌కి ఫోను చేశానని, గీతలు పడకపోతే పంకాది తిరిగి తీసుకుంటానన్నాడని చెప్పి లేచాడు.

*

హెంగ్ పంకాదాన్ని తిరగేసి చూసి, ఇరుసుకి చుట్టుకున్న గడ్డిపోచలు వేలితో లాగి పారేశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. రెక్కలదాని మీద కప్పిన బట్ట తీయబోయాడు.

"ఆగు హెంగ్," అన్నాడు తర్మిజీ. గొంతు సవరించుకున్నాడు. "రెండు సీట్లది ఉండదా? పెడళ్లున్నది?"

రుబియా అతని వైపు తిరిగింది. అతను కయాక్‌ల వరసకేసి చూస్తున్నాడు.

"నిన్న ఆ దుంగ మీద కూచున్నాను కదా," అన్నాడు. "గంటన్నర. నువ్వు కనపడకుండా పోతే..." ఆగాడు. "ఇద్దరికీ పెడళ్లున్నది చూద్దాం బియా. నువ్వు ముందే కూచో."

ఉందన్నాడు హెంగ్. గోదాము చివర్నుంచి ఇనపచక్రాల మీద తోసుకొచ్చాడు. పొడుగ్గా, నీలంగా ఉంది. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, రెండు జతల రెక్కలు. రెండు వారాల కిందట దీన్ని ఎవరైనా చూపించి ఉంటే రుబియా అక్కడే ఏడ్చేసేది. చుట్టూ తిరిగి చూసింది. ముందు సీటు వీపు మీద అరచెయ్యి ఆనించింది. మెత్తగా ఉంది. వెనక్కి చూడకుండానే, అక్కడ కూర్చుంటే తన వీపు మీద అతని ఊపిరి ఎక్కడ తగులుతుందో ఆమె చెప్పగలదు. తర్మిజీ ఆమె చేతినే చూస్తున్నాడు.

చెయ్యి తీసేసింది.

"ఇది బాగుంది," అంది. "కానీ ఆ ఒంటిసీటుదే చూపించు హెంగ్."

"అన్నకా?"

"నాకు."

తర్మిజీ ఆమె వైపు తిరిగాడు. అతని కళ్లలో ఏముందో చెప్పమని రుబియాని ఎవరూ అడగక్కర్లేదు. రెండు వారాలు తన కళ్లలో మోసింది అదే. ఒక్క క్షణం ఆమెకి ఆ నీలంది కొనేద్దామనిపించింది. జాలి నిజంగానే వేసింది. అయినా మాట మార్చలేదు.

హెంగ్ రెక్కలదాన్ని రెండు చెక్కదిమ్మల మీద ఎత్తిపెట్టి, సీటు ఎవరి కాలికి బిగించమన్నారో తెలిసే, మళ్లీ అడిగాడు. రుబియా చెప్పులు విడిచింది. తర్మిజీ వంగి, మోకాలు నొప్పికి ఒకసారి పళ్లు బిగించి, ఆ చెప్పులు నేల మీదనుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. గోదాము సిమెంటు నేల జిడ్డుగా ఉంది మరి.

"పాతదాన్ని దించడానికి బద్లీని రమ్మంటాను," అన్నాడు మెల్లిగా. "వాడు ముందు కూచుంటాడు. వాడికి చేప ఎక్కడుందో ఏం తెలుస్తుంది?"

"తెలీదు," అంది రుబియా, సీట్లోకి ఎక్కి కూర్చుంటూ. "మీకు తెలుసుగా. పదకొండేళ్లు చూశారు. మీరు ముందు కూచోండి."

అతను ఆ మాట ఆలోచిస్తూ నిలబడ్డాడు. హెంగ్ గళ్లు జరిపి, కాలు చాచమన్నాడు. ఆమె కుడి కాలు పూర్తిగా చాచింది, తరవాత ఎడమది. అడుగున రెక్కలు రెండూ నీళ్లు లేని గాలిలో అటొకసారి ఇటొకసారి ఊగాయి. ఇంకో గడి ముందుకి కావాలని చెప్పింది.